యాభై ఏడు కిలోల లోపు

పెళ్ళాం ముక్కు మీద ఏ మొగుడికైనా ప్రేమ ఉండొచ్చుగానీ, పార్సిళ్ళ గుమాస్తాకున్నంత బెంగ ఉండదు. పొద్దస్తమానం తపాలా ఆఫీసులో కూచుని పార్సిళ్ళు తూచే మనిషి. ‘పగులును, జాగ్రత్త’ అని ఏ పెట్టె మీద రాసి ఉంటుందో అదే ముందు పగులుతుందని పదహారేళ్ళ అనుభవం మీద తెలుసుకున్నవాడు.

భార్య బడి బస్సు నడుపుతుంది. నడుంనొప్పికి కాస్త వ్యాయామం అంటూ టైర్ల కొట్టు వెనక షెడ్డులో బాక్సింగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆవిడ నొప్పి పోయింది, ఈయన నిద్ర పోయింది. కారణం, మాస్టారు ఆమెని పోటీకి దింపుతానన్నారు.

మాస్టారి ముక్కు గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో కొడితే ఎడమ చెంప వైపు వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు. శిష్యురాలిని కూతురి కింద లెక్కేసి ఆయన గుమాస్తాని “అల్లుడు గారూ” అని పిలిచినప్పుడల్లా గుమాస్తా చెయ్యి తన ముక్కు మీదికి పోతుంది.

ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించి ఉంది. పోటీకి యాభై ఏడు కిలోల లోపు ఉండాలని. దాటితే ఏమవుతుందని ఊసుపోక అడిగినట్టు అడిగాడు. దాటినవాళ్ళని తూకం దగ్గరే ఆపేస్తారంది భార్య. గుమాస్తా చెవిలో తేనె పోసినట్టయింది. బరువు మీరిన పార్సిలుని వెనక్కి పంపడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ రోజునుంచి వంట తనదే. ఆ విద్యకి తగ్గట్టు వెన్న కూడా దండిగానే పడింది. గుడ్లలో వెన్న, బంగాళదుంపల్లో వెన్న, పాలలో మీగడ.

“ఏంటండీ, ఈమధ్య ఇంత ప్రేమ?”

“ప్రేమకి వేళాపాళా ఉంటుందా? ఇంకో దుంప వేసుకో.”

“పొట్ట పగిలిపోతుందండీ.”

“పగిలితే పగిలింది, ముక్కు మాత్రం...” అని నాలిక కరుచుకున్నాడు.

ఆమె గుమ్మం దాటుతున్నప్పుడల్లా ఆఫీసు కన్నుతో తూచేవాడు. యాభై ఏడుంబావు. యాభై ఎనిమిది. పోటీ ముందురోజుకి యాభై ఎనిమిదిన్నర దాటింది. ఇరవై రోజుల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయాడు.

పొద్దున్నే పోటీ హాల్లో తూకం. యాభై ఎనిమిది కిలోల ఏడువందల గ్రాములని కేకేశారు. గుమాస్తా మొహం వేలాడేసి, లోపల గంతులేశాడు. తూచే మనిషి కాగితం మీద టిక్కు పెట్టి, అరవై లోపు వాళ్ళ వరస అటని చెయ్యి చూపించాడు.

ఆ వరసలో భార్యతో తలపడబోయే మనిషి నుంచుని ఉంది. మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలయ్యిందో చెప్పడం కష్టం. అక్కడివాళ్ళు ఆమెని బీరువా అంటారట. గుమాస్తా పెళ్ళాన్ని ముక్కు కోసం మేపి మేపి, తీసుకొచ్చి బీరువా కింద పెట్టాడు.

చేతులకి గుడ్డ చుట్టుకుంటున్న భార్య దగ్గరికి పరిగెత్తాడు. “పద, ఇంటికి పోదాం. తప్పంతా నాదే. నిన్ను పోటీ నుంచి తప్పించాలని కావాలనే మేపాను.”

“తెలుసు,” అంది ఆవిడ, గుడ్డ చుట్టుకుంటూనే.

“తెలుసా?”

“మూడోరోజే తెలుసు. కడుపు మాడ్చుకుంటుంటే కాళ్ళు వణుకుతున్నాయి, పై తూకంలోకి రా అని మాస్టారు రెండు నెలలుగా మొత్తుకుంటున్నారు. ఒక్కదాన్నే కూచుని అంతంత తినబుద్ధి కాలేదు. మీరు వంట మొదలెట్టాక మాస్టారు నా పేరు పై వరసలో రాయించేశారు.”

“మరి ఫ్రిజ్ మీద కాగితం?”

“తీస్తే వంట మానేస్తారని తియ్యలేదు.”

ఇంతలో మాస్టారు వచ్చి గుమాస్తా భుజం తట్టారు. రౌండ్ల మధ్య నీళ్ళందించడానికి బకెట్టు పట్టుకునే మనిషి రాలేదు, అల్లుడు గారు రింగు మూలన నుంచుంటారని ఆయనే తేల్చేశారు.

మూడు రౌండ్ల ఆట. మొదటి రౌండు కళ్ళు మూసుకునే గడిపాడు. వినిపించిన ప్రతి చప్పుడూ భార్య ముక్కుదే అనుకున్నాడు. రెండో రౌండు చివర్లో ధైర్యం చేసి ఒక కన్ను తెరిచాడు. సరిగ్గా అప్పుడే బీరువా పిడికిలి భార్య మూతిని వెతుక్కుంటూ వచ్చింది. బకెట్టు ఒకవైపు, గుమాస్తా ఒకవైపు.

తెలివొచ్చేసరికి డాక్టరు రెప్ప ఎత్తి టార్చి వేస్తున్నాడు. ఆ రోజు హాల్లో డాక్టరు అవసరం పడ్డ మొదటి మనిషి ఆయనే. డాక్టరు కుర్చీలో లేకుండా ఆట సాగకూడదట, అందుకని ఆట ఆపి హాలు హాలంతా ఇటే చూస్తోంది. రిఫరీ తాళ్ళ మీంచి మాస్టారి వైపు వంగి, మీ బకెట్టు మనిషి మళ్ళీ పడితే ఆట అక్కడితో ఆపి గెలుపు ఎదుటివాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు.

గుమాస్తా ఆ మాటని రెండుసార్లు తూచుకున్నాడు. ఇరవై రోజులు పొయ్యి దగ్గర చెమటోడ్చినా దొరకనిది, ఇప్పుడు ఉత్తినే మోకాళ్ళు వదిలేస్తే దొరుకుతుంది.

భార్య స్టూలు మీద కూచుని ఉంది. పెదవి చిట్లింది. మాస్టారు ఏదో చెబుతున్నా వినకుండా ఈయన్నే చూస్తోంది.

“పడతారా?” అనడిగింది. కోపంగా కాదు, బస్సులో వాంతొస్తోందన్న పిల్లల్ని అడిగినట్టు.

లేదని తల ఊపి, బకెట్టు రెండు చేతులా పట్టుకుని నుంచున్నాడు.

మూడో రౌండంతా రెప్ప వెయ్యలేదు. మూస్తే పడతానని భయం, చూస్తే చస్తానని భయం. ముక్కు మీదికి తొమ్మిది దెబ్బలొచ్చాయి. ఏడు తప్పుకుంది. ఆమె కొట్టినవెన్నో ఆయనకి తెలీదు, చూసింది ఒక్క ముక్కునే. అందుకే చివర్లో రిఫరీ భార్య చెయ్యి పట్టుకుని పైకెత్తితే, ఎందుకెత్తాడో మాస్టారు విడమరిచి చెప్పాల్సొచ్చింది.

ఆవిడ గ్లోవ్సు విప్పుకుని వచ్చి బకెట్టు ఇమ్మంటే ఇవ్వలేకపోయాడు. వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆమే ఒక్కో వేలూ విడదీసింది.

“వదలండి. అయిపోయింది.”

“నిజంగా అయిపోయిందా?”

మాస్టారు గోడమీద అంటించిన తర్వాతి పోటీల పట్టిక మీద వేలు నడిపిస్తూ, “ఇవాళ్టికి, అల్లుడు గారూ,” అన్నారు.