మందాకిని కట్లు ఎట్లా విప్పుకోవాలి

ఆ రోజు పొద్దున నిరంజన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి. భార్య చేత తనను మగ్గం గుంజకు కట్టించుకోవాలి. ఆమె బస్సెక్కి పోయాక కట్లు విప్పుకోవాలి. విప్పుకున్న తీరును ఫోన్‌లో రాసి సాయంత్రం ఆరులోపు పంపాలి. ఇందులో చాయ్ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

గద్వాలలో నిరంజన్‌ను చీరలు నేసేవాడిగానే ఎరుగుదురు. ఏడో తరగతిలో బడి మానేసి గుంత మగ్గంలోకి కాళ్లు దించిన మనిషి, యాభై దాటినా ఆ కాళ్లు పైకి తీయలేదు. తాను నేసిన చీర ఎవరు కట్టుకున్నారో ఆయనకు తెలియదు. కట్టుకున్నవాళ్లకు ఆయన తెలియదు. ఆ కడుపుమంటతోనే ఫోన్‌లో కథలు రాసే యాప్ ఒకటి పట్టుకున్నాడు. ప్రేమకథలు రాస్తే ఎవరూ చదవలేదు. రైతుల కష్టాలు రాస్తే రైతులు కూడా చదవలేదు. విసిగి విసిగి ఒక కథలో మందాకిని అనే గూఢచారిణిని దొంగల చేత కుర్చీకి కట్టేయించాడు. తెల్లారేసరికి జనం ఎగబడ్డారు.

ఆ యాప్‌లో ‘బందీ కథలు’ అని ఒక విభాగమే ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది. భాగానికొకసారి ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని కట్టేయాలి. ఎందుకిష్టమంటే ఎవరూ చెప్పరు, చదవడం మాత్రం మానరు. మొగుడూ పెళ్లాలు తలుపులేసుకొని చదువుకుంటారని యాప్ తరఫున హైదరాబాదులో కూర్చొని కథలు చూసే సౌజన్య ఒకసారి నవ్వుతూ చెప్పింది. అట్లా చదివేవాళ్లలోనూ రెండు పార్టీలున్నాయి. ఒక పార్టీకి నిజం కావాలి. తాడెంత మందం, ముడి ఏ రకం, చేతులు ఎందుకు తిమ్మిరెక్కలేదు అని నిలదీస్తారు. రెండో పార్టీకి మాయ కావాలి. నాగపాశం, మంత్రించిన తీగ, వెన్నెలతో పేనిన సంకెళ్లు ఉంటే చాలు, ఇంకేమీ అడగరు.

నిరంజన్ నిజం పార్టీ. “నా జిందగీల ఒక్క మాయ జరగలే. మందాకినికెందుకు జరగాలె?” అని ఆయన వాదన.

అంత నిజం మనిషికి నిజం పార్టీ నుంచే దెబ్బ తగిలింది. పోయిన భాగంలో ఆయన మందాకినిని నేతగాడి ఇంట్లో పట్టు పడుగుతో, మగ్గానికి నిలువునా ఎక్కించే పోగులతో, కట్టించాడు. ‘నిజప్రియ, నాగర్‌కర్నూల్’ అనే పాఠకురాలు వెంటనే రాసింది: ‘పట్టు దారం ఒక్క గుంజుకు తెగుతుంది. రచయిత గారు ఒకసారి కట్టించుకొని చూసి రాయాలి.’ దాని కింద వందలమంది అవునన్నారు. ఈ సాయంత్రం వచ్చే భాగం కూడా నమ్మేలా లేకపోతే సీరియల్ ఆపేస్తామని సౌజన్య చెప్పింది. లోకంలో నిరంజన్ కోసం ఎదురుచూసేవాళ్లంటూ ఉంటే ఆ చదివేవాళ్లే. వాళ్లు పోతే మళ్లీ గుంత, మగ్గం, ఎవరో తెలియని ఆడవాళ్ల చీరలు.

మధ్యాహ్నం రెండు దాటాక భార్య పుష్ప అమరచింతలో తన చెల్లెలి ఇంటికి సాయంత్రం వ్రతానికి బయల్దేరుతూ ఉంది.

“పోయే ముందర జర నన్ను కట్టేసి పో,” అన్నాడు నిరంజన్.

“నీ కట్టేసే కథలు ఇంట్లకు గూడ వచ్చినయా?”

“నిన్న సేటు ఇచ్చిండు సూడు ఎర్ర పడుగు, దాంతోనే కట్టాలె.”

“సేటు పడుగుతోనా? నీకేమన్న పిచ్చి లేసిందా?”

“ఒక్క పావుగంట. నువ్వు బస్టాండుకు చేరేలోపల ఇప్పుకొని, దులిపి మళ్లా అక్కడనే పెడ్త.”

పుష్ప లోపలికి పోయింది. పెట్టె తీసిన చప్పుడైంది, డబ్బా మూసిన చప్పుడైంది. కాసేపటికి ఎర్ర పట్టు పేట పట్టుకొని వచ్చి, “చేతులు ఎనుకకు పెట్టు,” అంది. నిరంజన్ గుంత అంచున కూర్చొని మగ్గం గుంజను వీపుకు ఆనించుకున్నాడు.

“బిగ్గర కట్టు. నిజం లెక్కుండాలె.”

“లగ్గమైనప్పటి సంది నాకు గదే ఆలోచన. బిగ్గరనే కడ్త.”

తెగిన పోగులు ముడేసి ముడేసి అరిగిన వేళ్లు పుష్పవి. వాటికి తెలిసిన ముడి ఒక్కటే, గుంజినకొద్దీ బిగిసే నేత ముడి. పని కాగానే పుష్ప కొంగు సర్దుకొని, తలుపు దగ్గరికేసి వెళ్లిపోయింది.

మందాకిని అయితే ఇలాంటి సమయంలో ఊపిరి బిగబట్టి, బొటనవేలు లోపలికి మడిచి, మణికట్టు మెలితిప్పి బయటపడుతుంది. నిరంజన్ ఊపిరి బిగబట్టాడు, దగ్గు వచ్చింది. బొటనవేలు మడిచాడు, మిగిలిన వేళ్లు ఇరుక్కున్నాయి. మణికట్టు మెలితిప్పితే ముడి మరింత బిగిసింది. పట్టు తెగదన్న సంగతి మాత్రం రుజువైంది. ఆ మాట నిజప్రియకు రాద్దామంటే చేతులు లేవు. అంతలో ముక్కు మీద దురద మొదలైంది. ఇన్ని భాగాలు కట్టించినా మందాకినికి ఒక్కసారి కూడా ముక్కు దురద పెట్టించలేదని ఆయనకు మొదటిసారి తోచింది.

నేల మీదున్న ఫోన్ మోగింది. కాలి బొటనవేలితో తోసి, నొక్కి, ఎట్లాగో స్పీకర్ పెట్టాడు.

“సార్, భాగం ఎక్కడిదాకా వచ్చింది?” సౌజన్య గొంతు.

“కట్టుడైందమ్మా. ఇప్పుకునుడే కాలే.”

“ఎవరో వచ్చి విడిపించినట్టు మాత్రం రాయొద్దు సార్. తనంతట తనే బయటపడాలి.”

“గా కట్టేసింది నన్నేనమ్మా. నిజంగనే కట్టేసున్న. ఎవరినన్న పంపియ్యి.”

“సూపర్ సార్. ఆ ఫీలింగ్ వదలకండి. ఆరింటికల్లా కావాలి,” అని ఆమె పెట్టేసింది.

ఇంకాసేపటికి పక్కింటి నేతగాడు భీమయ్య, పేక దారం నడిపే నాడె అడగడానికి తలుపు తోశాడు. తన మగ్గంలో నాడె విరిగిందట. ముసలాయన గుంజ వైపు చూసి, నాడె సంగతి మరిచిపోయాడు.

“పుష్ప కట్టేసిందా?”

“ఊకెనే మామా. జర కత్తెర అందుకొని కొయ్యి.”

భీమయ్య వంగి ముడి చూశాడు. గుంజి చూశాడు. అది ఇంకొంచెం బిగిసింది.

“ఇది పట్టు పడుగు గద రా.”

“అవు. కొయ్యి.”

“మగ్గం మీద చీర కాకముందు పడుగుకు కత్తెర పెట్టమంటవా? నా చేతులతోని?”

“పడుగు మగ్గం మీద ఏడుంది మామా? నా మీద గదా ఉన్నది.”

“నువ్వు మగ్గం మీద ఉన్నవు గద,” అన్నాడు భీమయ్య. పడుగు ఎవరిదో వాళ్లే వచ్చి చెప్పాలని, సీతారాములు సేటును పిలవడానికి ఆయన బయల్దేరాడు.

దారిలో ఊరుకుంటే బాగుండేది. కనిపించినవాడికల్లా, “నిరంజన్‌ను కట్టేసిండ్రు,” అని చెప్పుకుంటూ పోయాడు. ఆ మాట వీధి మలుపు తిరిగేసరికి, కట్టేసి పట్టు ఎత్తుకపోయిండ్రు అయింది. బజారు చేరేసరికి పట్టుతో పాటు పుష్పను కూడా ఎత్తుకపోయారు. సేటు కంటే ముందు కానిస్టేబుల్ యోసేపు మోటార్‌సైకిల్ మీద దిగాడు.

“దొంగలు ఎంతమంది?”

“దొంగలు లేరు సార్. కత్తెర ఉంటె—”

“కొయ్యద్దు,” అన్నాడు యోసేపు. “అది సాక్ష్యం. ఎస్సై సార్ రావాలె, ఫోటో దియ్యాలె.” అని పుష్పకు ఫోన్ కలిపాడు. “పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్న. మిమ్ముల ఎత్తుకపోయిండ్రని తెలిసింది. ఇప్పుడెక్కడున్నరు?”

“బస్సుల ఉన్న సార్.”

“వాళ్లు ఎంతమందున్నరు బస్సుల?”

“బస్సు నిండ ఉన్నరు సార్.”

బస్సు జూరాల డ్యాము మీదికి వచ్చింది, ఆ గాలికి మిగతా మాటలు కొట్టుకుపోయాయి. పుష్పకు అర్థమైంది పోలీస్ అన్న మాట ఒక్కటే. ఆమె బస్సు దిగి, వెనక్కి వచ్చే ఆటో కోసం నిలబడింది.

ఈలోగా సీతారాములు సేటు వచ్చాడు. ఆయన గద్వాలలో సగం మగ్గాలకు పట్టు ఇచ్చే మనిషి. నిరంజన్ మొహం వైపు చూడకుండా నేరుగా గుంజ వెనక్కి పోయి, పోగును రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు.

“చెమట పట్టిందా దీనికి?”

“నాకు పట్టింది సేటు.”

“బెంగళూరు నుంచి తెప్పించిన పట్టు ఇది. కండ్లు మూసుకొని ముట్టుకున్నా చెప్త, నా పట్టు నాకు తెల్వదా? ఎవ్వరు కొయ్యద్దు. సూదులు తెండి. నిమ్మళంగ ఇప్పుదాం.”

ఇల్లంతా నేతగాళ్లతో నిండిపోయింది. సూదులు వచ్చాయి, కళ్లద్దాలు వచ్చాయి, చాయ్ వచ్చింది. చాయ్ నిరంజన్‌కు తప్ప అందరికీ అందింది. ఎవరు కట్టారని యోసేపు నాలుగోసారి అడిగేసరికి నిరంజన్‌కు దాచే ఓపిక పోయింది. కథ సంగతి, మందాకిని సంగతి, నిజప్రియ సంగతి అంతా చెప్పేశాడు. ఊరంతా నవ్వుతుందని కళ్లు మూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అంతకంటే ఘోరం జరిగింది. అందరూ చర్చకు దిగారు.

“నేను స్టేషన్ల దినాం నిజమే చూస్త,” అన్నాడు యోసేపు, కేసు లేదని కాస్త నిరాశగా. “తాళ్లు, బేడీలు, ఏడుపులు. ఇంటికి పోయి కథల గూడ గదే సదవాల్నా? నాగపాశం పెట్టు నిరంజనన్నా. మనసుకు జర హాయిగుంటది.”

“నాగపాశం చిన్నప్పటి సంది భాగోతాలల్ల చూస్తున్న సార్,” అన్నాడు భీమయ్య, సూది పక్కన పెట్టి. “అది ఎప్పుడు కట్టినా, ఇప్పెటోడు పైనుంచి దిగుతడు. ఇప్పెటోడు రాని కట్టు ఒకటి ఉంటది. గుంతల కాళ్లు పెట్టినోనికి ఎరుకైతది. గది రాయాలె రా నిరంజనా.”

సేటు పోగు మీద సూది ఆపి తలెత్తాడు.

“ఏ కట్టైనా రాయి, నా పట్టుతోని వద్దు,” అన్నాడు సేటు.

చర్చ మళ్లీ అందుకుంది. గరుత్మంతుడు రావాలా వద్దా అన్న దగ్గర ఇద్దరు పోట్లాడుకున్నారు. కట్లలో ఉన్న రచయితను ఎవరూ ఏమీ అడగలేదు. ఎదురుగా గోడ గడియారం నాలుగు దాటి అయిదు వైపు నడుస్తూ ఉంది. సీరియల్ ఆగిపోవడం ఆయన కళ్లముందే జరుగుతూ ఉంది, మణికట్లు వెనక్కి ఉండగా.

అప్పుడు పుష్ప వచ్చింది. గుమ్మంలో చెప్పులు చూసింది, సూదులు చూసింది, మొగుడిని చూసింది. గూట్లోంచి కత్తెర తీసి, గుంజ వెనక్కి నడిచింది.

“పుష్పమ్మా, వద్దు,” అని సేటు లేచాడు. “నా పడుగు.”

కత్తెర కచ్చుమంది. భీమయ్య కళ్లు మూసుకున్నాడు.

“నీ పడుగు బియ్యం డబ్బాల ఉన్నది సేటు,” అంది పుష్ప. “గిది చీరలు కోసినంక మిగిలిన కొసలు. దిండ్లకు అంచు కుట్టుదామని అన్ని కలిపి పేనిపెట్టిన. ఈ మనిషి అడిగితె నేను కొత్త పట్టు ఇస్తననుకున్నరా?”

సేటు తన రెండు వేళ్లూ ఒకసారి చూసుకొని, ఎవరికీ చెప్పకుండా చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. భీమయ్య మాత్రం నాడె అడిగి తీసుకొని మరీ వెళ్లాడు.

నిరంజన్ తిమ్మిరెక్కిన వేళ్లతో ఫోన్ పట్టుకున్నాడు. కల్పించడానికి టైము లేదు. జరిగింది జరిగినట్టు రాసి, తన పేరున్న చోటల్లా మందాకిని అని పెట్టి, ఆరుకు కాస్త ముందు పంపేశాడు. ఇంత నిజం తన జన్మలో రాయలేదని ఆయనకు నమ్మకం కుదిరింది. ఆ రాత్రి నిద్ర కూడా బాగా పట్టింది.

పొద్దున్నే సౌజన్య ఫోన్ చేసింది. “కంగ్రాట్స్ సార్. సీరియల్ ఆపట్లేదు. మాయ కావాలనేవాళ్లు ఎగబడి చదువుతున్నారు. మనిషిని వదిలేసి దారానికి కాపలా కాసే ఊరు, కట్టును కొయ్యనివ్వని పోలీసు, ఇలాంటి ఊహ ఎవరికీ రాలేదంటున్నారు. అందుకే ఫాంటసీ విభాగంలోకి మార్చేశాం.”

“మరి నిజం పార్టీ ఏమన్నదమ్మా?”

నిజప్రియ రాసింది ఆమె చదివి వినిపించింది: ‘ఒక్క ముక్క కూడా నమ్మేలా లేదు. రచయిత గారు ఒకసారి గద్వాల పోయి, నేతగాళ్లను దగ్గరగా చూసి రాస్తే మంచిది.’

నిరంజన్ ఫోన్ పెట్టేసి, కాళ్లు గుంతలోకి దించాడు. ఆ వారం మందాకినిని చంద్రలోకంలో ఏడు పడగల పాము చుట్టేసింది, రెక్కల గుర్రం వచ్చి విడిపించింది.

ఈసారి కాస్త నిజంగా ఉందని నిజప్రియ రాసింది.