పదహారు గంటల వెలుతురు

ఏప్రిల్ రెండో మంగళవారం ఉదయం పదకొండున్నరకి, భూవివరాల సవరణ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు గుత్తుల ధర్మరాజు తన కుర్చీలో గుడ్డు పెట్టాడు. ఆ గదిలో అప్పటికే ఇద్దరు పెట్టి ఉన్నారు కాబట్టి ఎవరూ తల ఎత్తలేదు. పక్క సీటాయన మాత్రం గుడ్డు దొర్లిపోకుండా రబ్బరు స్టాంపొకటి అడ్డం పెట్టి, మళ్ళీ తన కాగితాల్లో పడ్డాడు. ధర్మరాజు లేచి గుడ్డుని చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది. పెంకు గట్టిగానే ఉంది. కోళ్ళ సంగతి తెలిసినవాడు గనక, తొలి గుడ్డుకి ఆ మాత్రం బరువు మంచిదేనని మనసులో అనుకున్నాడు.

అటెండరు నూకరత్నం అట్ట ట్రే పట్టుకొచ్చింది.

"మొదటిదాండీ?"

"మొదటిదే."

"నాకు ముగ్గురండి. మూడుసార్లూ పురిటి సెలవు చీటీ సరిగా లేదని మీరే తిప్పి పంపారు. ఇప్పుడు తెలుస్తాది లెండి," అని, గుడ్డు మీద పెన్సిలుతో తేదీ వేసి పట్టుకుపోయింది.

కార్యాలయం కొత్త భవనం మూడో అంతస్తులోకి మారి మూడేళ్ళు దాటింది. గదికి ఎనిమిది కిటికీలున్నాయి. నాలుగింటికి ఇనప బీరువాలు అడ్డం పెట్టారు. మిగిలిన నాలుగింటినీ బయటినుంచి ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీ కప్పేసింది. దాన్ని తీసే అధికారం ఎవరిదో తేలలేదు. పైకప్పుకి తెల్లటి దీపపు పలకలు అరవై నాలుగు, వరసకి ఎనిమిది చొప్పున ఉన్నాయి. వాటి స్విచ్చి పక్క కార్యాలయం గదిలో ఉంది. ఆ కార్యాలయం తాళం వేసుకుని వేరే ఊరు మారిపోయింది. అందువల్ల ప్రారంభోత్సవం రోజున వెలిగిన దీపాలు వెలిగినట్టే ఉన్నాయి. లోపల పొద్దు పొడవడం, వాలడం అనేవి లేవు. వాన కురిసిందని గొడుగుల్ని చూసి తెలుసుకునేవారు. కంప్యూటర్లు పొద్దుటే, పొద్దుపోయాకా తప్ప కదలవు కాబట్టి, పొద్దుట ఆరుకి వచ్చినవాళ్ళు రాత్రి పదింటికి గాని ఇంటికి పోయేవారు కాదు.

మొదటి ఏడు అందరికీ కళ్ళు మండాయి. రెండో ఏడు ఆకలి చచ్చింది. మూడో ఏడు వచ్చేసరికి ధర్మరాజు పడుకుంటున్నాడు గాని నిద్రపోవడం లేదు. కళ్ళు మూస్తే రెప్పల వెనకాల అరవై నాలుగు పలకలూ వరస తప్పకుండా వెలిగేవి. ఆయన భార్య భూలక్ష్మి మాడుకి ఆముదం పెట్టింది. కళ్ళకి తడిగుడ్డ కట్టింది. ఇంట్లో బల్బులన్నీ తీసి బియ్యం డబ్బాలో దాచింది. అయినా చారులో ఉప్పు తక్కువైందని పళ్ళెం విసిరేసి, అరగంట తరవాత ఎందుకు విసిరానా అని అదే పళ్ళెం ముందు కూర్చుని ఏడ్చేవాడు. రక్తం పరీక్ష చేయించారు. అన్నీ ఉండాల్సినంత ఉన్నాయని కాగితం ఇచ్చారు. ధర్మరాజుకి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. ఒక్క నిద్ర కావాలి.

గుడ్డు ఎందుకొచ్చిందో ఆ గదిలో ఆయన ఒక్కడికే తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో మేనమామ కోళ్ళ ఫారంలో ఉండి చదువుకున్నాడు. షెడ్డులో దీపాలు చూడడం ఆయన పని. పగటి వెలుతురుకి దీపం వెలుతురు కలిపి రోజుకి పదహారు గంటలు లెక్క తప్పకూడదు. తప్పితే గుడ్లు తగ్గిపోతాయి. కోడి కంట్లో వెలుతురు పడ్డంతసేపూ దాని ఒంట్లో పని నడుస్తుందని, దానికి ఇష్టమున్నా లేకపోయినా నడుస్తుందని మేనమామ చెప్పేవాడు. "కోడి గుడ్డు పెట్టదురా అల్లుడూ. దీపం పెట్టిస్తుంది," అనేవాడు.

సూపరింటెండెంటు కృపానందం గారు పద్ధతి గల మనిషి. విషయాన్ని మొదట వైద్యశాఖకి రాశారు. గుడ్డు రోగం కాదని, ఉత్పత్తి అని జవాబొచ్చింది. పశుసంవర్ధక శాఖకి రాస్తే డాక్టరు మస్తాన్‌వలీ గారు స్వయంగా వచ్చి, సిబ్బందిని వరసగా నిలబెట్టి కళ్ళు, గోళ్ళు చూసి, మంద ఆరోగ్యంగా ఉందని రాసిచ్చారు. గుడ్లని మధ్యాహ్న భోజనానికి దగ్గర్లోని బడికి పంపే ఏర్పాటు జరిగింది. నెల తిరిగేసరికి బడి నుంచి అభినందన లేఖ వచ్చింది. ఆ గుడ్లు తిన్న పిల్లలు తరగతిలో కునుకు తీయడం మానేశారట. ఇంటి దగ్గర కూడా తీయడం లేదని తల్లిదండ్రులు చెబుతున్నారట. మరికొన్ని బడులు తమకీ కావాలని అడిగాయి.

దాంతో కృపానందం గారి మీద బాధ్యత పెరిగింది. ధర్మరాజుని గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఉద్యోగంలో ఆయన కూర్చోమనడం అదే మొదటిసారి.

"మీకు ఫారం అనుభవం ఉందటగా. దీపాల నిర్వహణకి మార్గదర్శకాలు రాసిపెట్టండి. ఉన్నదున్నట్టు రాయండి. ఏదీ వదలొద్దు."

ధర్మరాజు మూడు రోజులు కూర్చుని రాశాడు. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో అంత ఇష్టంగా ఆయన ఏదీ రాయలేదు. పద్నాలుగు అంశాలు వచ్చాయి. అందులో మూడో అంశం కోసమే మిగిలిన పదమూడూ రాశాడని చెప్పాలి. 'పదహారు గంటల వెలుతురు పిమ్మట ఎనిమిది గంటల పూర్తి చీకటి తప్పనిసరి' అన్నది ఆ మూడో అంశం. దాని కింద గీత కూడా గీశాడు. ఆ గీత చాలు, అందరికీ ఎనిమిది గంటల చీకటి ప్రభుత్వం చేతే ఇప్పించినవాడవుతాడు. ఆ సాయంత్రం భూలక్ష్మికి చెబితే ఆవిడ నమ్మలేదు.

"సర్కారోళ్ళు దీపం ఇస్తారు గాని చీకటిస్తారేంటండి?" అంది.

"రూల్లో ఉంటే ఇస్తారే."

ఉన్నదున్నట్టు రాయమన్నారు కాబట్టి పద్నాలుగో అంశం కూడా వదల్లేదు. గుడ్డు తగ్గిన కోడిని పది రోజులు చీకట్లో పెట్టి, మేత ఆపి నీళ్ళే ఇస్తే, పాత ఈకలు రాల్చుకుని మళ్ళీ గుడ్డుకొస్తుంది. రాని వాటిని పదకొండో రోజున బండి ఎక్కించవలెను. ఇది మేనమామ పద్ధతి. వదిలేస్తే పని సగమే చేసినట్టు ఉంటుందని రాశాడు.

మార్గదర్శకాలు ఆమోదం పొంది వచ్చాయి. మూడో అంశంలో చిన్న సవరణ జరిగింది. పదహారు గంటల వెలుతురు కార్యాలయం సమకూరుస్తుంది. ఎనిమిది గంటల చీకటి సిబ్బంది తమ ఇళ్ళ దగ్గర ఎవరికి వారు సమకూర్చుకోవాలి. గీత మాత్రం అలాగే ఉంచారు.

మిగిలినవన్నీ అక్షరం పొల్లుపోకుండా అమలయ్యాయి. పెంకు పలచబడకుండా పొద్దుటే అందరికీ సున్నపు మాత్రలు ఇచ్చారు. నిద్రలేని మనుషులు కాబట్టి ఒకరి మీద ఒకరు ఆకాశరామన్న ఉత్తరాలు రాసుకోవడం మొదలైంది. కోళ్ళు పొడుచుకుంటే ఎర్ర దీపం పెట్టాలన్నది తొమ్మిదో అంశం. భోజనాల గదిలో ఎర్ర బల్బులు పెట్టారు. ఉత్తరాలు ఆగాయి. ఎవరి డబ్బాలో ఏ కూర ఉందో తెలియక అందరూ మెదలకుండా తిని లేచేవారు. ఆగస్టు పదిహేనున, ఆ కార్యాలయంలో అందరికన్నా ఎక్కువ గుడ్లు పెట్టినందుకు ధర్మరాజుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. వేదిక మీద నిలబడి ఆయన ఎండ కేసి చూశాడు. ఎండ కాస్త పసుపుగా ఉంటుందన్న సంగతి మరిచిపోయాడు. ఎవరో భుజం తట్టి పత్రం అందుకోమని గుర్తు చేశారు.

అక్టోబరులో ఆయన గుడ్డు తగ్గింది. మొదట రోజు విడిచి రోజు పెట్టాడు. తరవాత పెంకు లేని తోలుగుడ్డు వచ్చింది. తరవాత అదీ లేదు. సీట్లోంచి లేవకుండా కూర్చుని చూశాడు, మాత్రలు రెండేసి వేసుకుని చూశాడు. ఏడు రోజులు నూకరత్నం ఆయన సీటు దగ్గర ఆగి, ఖాళీ ట్రే చూపించి వెళ్ళిపోయింది. ఎనిమిదో రోజు కృపానందం గారు మళ్ళీ కూర్చోమన్నారు.

"పద్నాలుగో అంశం," అన్నారు.

"తెలుసండి. నేను రాసిందేగా."

"నాకు మీ మీద ఏమీ లేదు ధర్మరాజు గారూ. రేపు నాకు తగ్గినా ఇదే అంశం." కాగితం తిప్పి చూశారు. "అయితే ఇందులో ఒక లోపం ఉంది. బండి ఎక్కించవలెను అన్నారు. ఎక్కడికి వెళ్తుందో రాయలేదు."

"మామయ్య ఎప్పుడూ చెప్పలేదండి. ఎక్కించడం దాకానే మా పని."

కృపానందం గారు, ఎక్కించడం దాకానే అయితే మన పరిధిలోనిదే కదా అని సంతకం పెట్టారు.

ధర్మరాజు లేవలేదు. ఆయనకి ఇంకొకటి అడగాలని ఉంది. బండి గురించి కాదు. ఇరవై ఏడేళ్ళుగా అడగడం అలవాటు లేని మనిషి గనక ముందు కుర్చీ అంచుకి జరిగాడు.

"పది రోజులూ చీకటేనాండి? మధ్యలో దీపం వెయ్యరు కదా?"

"మీరే రాశారుగా. పూర్తి చీకటి."

రికార్డు గదిని అందుకు కేటాయించారు. ఆ గదికి కిటికీలు లేవు. లోపలి బల్బు విప్పి తీసేశారు. భూలక్ష్మి పొద్దుటే దిండు, దుప్పటి, స్టీలు చెంబు సంచీలో సర్ది ఆయనతో పాటు ఆఫీసు దాకా వచ్చింది. మెట్ల దగ్గర ఆయన చెయ్యి పట్టుకుంది.

"పదకొండో రోజు బండొస్తాదంట కదండి."

"వస్తుంది."

"మరి వద్దనండి. ఇంటికి పోదాం. మా అన్నయ్య ఊళ్ళో ఎవరన్నా..."

"పది రోజులే భూలక్ష్మీ," అన్నాడు ధర్మరాజు. ఆ గొంతులో బతిమాలడం విని ఆవిడ చెయ్యి వదిలేసింది. తనని పంపమని అడుగుతున్నాడో, బండి ఎక్కనియ్యమని అడుగుతున్నాడో ఆవిడకి అర్థం కాలేదు.

నూకరత్నం తలుపు మూసింది. ధర్మరాజు చాలాసేపు నిలబడే ఉన్నాడు. మొదట అరవై నాలుగు పలకలూ కనిపించాయి. తరవాత చివరి వరస ఆరింది. తరవాత దాని ముందు వరస ఆరింది. ఒక్కొక్క వరసా ఆరిపోతుంటే, పాత కాగితాల వాసన, ఎలుకల చప్పుడు, తన ఊపిరి, ఒకటొకటే దగ్గరికొచ్చాయి. మేనమామ షెడ్డు గుర్తొచ్చింది. చీకట్లో పెట్టిన మొదటి రోజున మూడు వేల కోళ్ళు ఒక్కసారిగా అరవడం మానేసేవి. గుమ్మంలో నిలబడి ధర్మరాజు ఆ నిశ్శబ్దాన్ని వినేవాడు. పాపం, బండి సంగతి తెలిసి భయపడుతున్నాయని అనుకునేవాడు. అవి భయపడలేదని ఇప్పుడు తెలిసింది. చివరి పలక ఆరకముందే ఆయన నిద్రపోయాడు.

మూడో రోజున నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన నూకరత్నం, ఆయన గురక మెట్ల దాకా వినపడుతోందని చెప్పింది. ఆ మాటకి గదిలో కలాలు ఆగాయి. అయిదో రోజుకి కార్యాలయంలో గుడ్లు సగానికి పడ్డాయి. ఏడో రోజున ట్రే పూర్తిగా ఖాళీగా వచ్చింది. కృపానందం గారు తన కుర్చీలోంచి లేచి, వెనక్కి తిరిగి చూసుకుని, తనకీ లేదని ఒప్పుకున్నారు.

పదో రోజు సాయంత్రం రికార్డు గది ముందు ఇరవై రెండు మంది వరసలో నిలబడ్డారు. అందరి చంకల్లోనూ దిండ్లున్నాయి. పద్నాలుగో అంశాన్ని చదివి వినిపించి, బండి గురించిన వాక్యం కింద ఒక్కొక్కరి చేతా సంతకం చేయించారు. ఎవరూ ఆ వాక్యం గురించి అడగలేదు. వరసలో మొదట కృపానందం గారే ఉన్నారు. ఆయన ముందుకి వంగి తలుపు కింది సందుని పరీక్షగా చూశారు.

"ఇక్కణ్ణించి వెలుతురు రాదు కదా నూకరత్నం?"

"రాదండి. గోనె కుక్కాను."