నలభై అడుగుల పరామర్శ

ఈ కష్టకాలంలో కోల్బర్న్ పట్టణం చేతులు ముడుచుకుని కూర్చోదని మేయర్ డ్వైట్ కెస్లింగ్ గారు సోమవారం పొద్దున్నే ప్రకటించారు. ఆ ప్రకటన టైపు చేస్తూ పురపాలక గుమస్తా లోర్నా హవ్రిల్లా రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. మేయర్ గారు చలించిపోయారు. నిజానికి ఆమెకు జలుబు.

కష్టకాలం వచ్చి అప్పటికి ఐదు వారాలైంది. స్నానపు తొట్ల ఫ్యాక్టరీ వాళ్ళు, ఇకమీదట ఏ ఇంట్లో జబ్బు చేసినా మొదటి ఆరువేల డాలర్లు ఆ ఇంటివాళ్ళే పెట్టుకోవాలన్నారు. కార్మికులు కుదరదన్నారు. చర్చలు సాగుతున్నంతకాలం పాత పద్ధతిలోనే పనిచేస్తామన్నారు కూడా. యాజమాన్యం గేటుకు తాళం వేసి, అదేరోజు మూడువందల కుటుంబాల వైద్య బీమా రద్దు చేసింది. లోర్నా భర్త ఎమిల్ ఆ ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. పిత్తాశయంలో రాళ్ళకి అతనికి ఆ గురువారమే ఆపరేషన్ ఉండింది. ఆస్పత్రి వాళ్ళు చాలా మర్యాదగా ఫోన్ చేసి, బీమా వచ్చాక రమ్మన్నారు. అప్పటినుంచీ అతను ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద బతుకుతున్నాడు.

ఊరివాళ్ళు తోచింది చేస్తున్నారు. ఫైర్‌స్టేషన్ హాల్లో ఆడవాళ్ళు రోజూ సూపు వండి గేటు దగ్గరికి పంపుతున్నారు. రిటైరైన నర్సు ఆగ్నెస్ టోలర్ మంచులో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళకల్లా బీపీ చూస్తోంది. చేతులు కొంకర్లు పోతుంటే ఒకరోజు మేయర్ గారి దగ్గరికి వచ్చింది.

"మున్సిపాలిటీ వెనకగది ఖాళీగా ఉంది కదండీ, ఇస్తే అక్కడ కూర్చుని చూస్తాను."

"ఇస్తే ఒక పక్షం వైపు మొగ్గినట్టవుతుందమ్మా. నేను రెండు వర్గాలకీ మేయర్ని. దీనికి నా దగ్గర ఇంకా పెద్ద ఆలోచన ఉంది."

ఆ ఆలోచనే నలభై అడుగుల పరామర్శ కార్డు. మీద 'త్వరగా కోలుకోండి' అని రాస్తారు. దేశంలోకెల్లా పెద్దది.

"ఎవరు కోలుకోవాలండీ?" అంది ఆగ్నెస్.

"అందరూ. కార్మికులూ, యాజమాన్యమూ."

"యాజమాన్యానికేం జబ్బు?"

"అది వాళ్ళ సొంత విషయం. వైద్య రహస్యాలు అడక్కూడదు. నర్సువి, నీకు నేను చెప్పాలా?"

వెనకగదిలో కార్డుకి కావలసిన రంగుడబ్బాలు పెట్టారు.

ప్లైవుడ్ మొత్తం ఫ్యాక్టరీయే ఉదారంగా ఇచ్చింది. తొట్లు ప్యాక్ చేసే చెక్క. ప్రతి పలక మీదా 'పగిలే సరుకు, మెల్లగా దించండి' అని ముద్ర. దాని మీద పూలు వేశారు. మేనేజరు సంతకం నడిమధ్యన ఉండాలా, పక్కన ఉండాలా అని తేల్చడానికి ఉపసంఘం మూడుసార్లు కూర్చుంది. మూడోసారి లోర్నా లేచి, "మా ఆయనకి రాత్రంతా నొప్పి, నేను ఇంటికెళ్తాను" అంది. ఆమె మాటను కూడా రికార్డులో నమోదు చేయమన్నారు మేయర్ గారు. నమోదు చేయాల్సింది ఆమే కాబట్టి కూర్చుని నమోదు చేసింది.

సంతకాలు మొదలయ్యాయి. ఆగ్నెస్ ఒక్కొక్కరి పేరు పక్కన వాళ్ళ బీపీ రాసిపెట్టింది. అంకెల వల్ల కార్డుకి నిండుతనం వచ్చిందని మేయర్ గారు మెచ్చుకున్నారు.

ఇక దాన్ని లేపి మున్సిపాలిటీ గోడకి తగిలించాలి. ఊళ్ళో క్రేన్ లైసెన్సు ఉన్నవాడు ఎమిల్ ఒక్కడే.

"ఎమిల్! పట్టణం నిన్ను పిలుస్తోందయ్యా!"

"నన్ను ఆస్పత్రి పిలిచేలా చూడండి, మేయర్ గారూ."

"ఎమిల్, ఊరుకో" అంది లోర్నా. ఆమె ఉద్యోగం ఒక్కటే ఇప్పుడు ఇంట్లో మిగిలింది.

ఎమిల్ భార్య ముఖం చూశాడు. "సరే, వస్తాను. కానీ ముందు ఆగ్నెస్‌కి ఆ గది తాళం ఇవ్వండి."

మేయర్ గారు చాలాసేపు తటస్థంగా ఆలోచించారు. చివరికి లోర్నా చేత ఉత్తర్వు టైపు చేయించారు: వెనకగదిలో కుర్చీలు రెండు ఉంచుకోవచ్చును, వాటిలో ఎవరైనా కూర్చున్నచో పురపాలక సంఘానికి సంబంధం లేదు.

శనివారం మధ్యాహ్నం బ్యాండు మోగుతుండగా కార్డు గాల్లోకి లేచింది. సగం ఎత్తుకి వెళ్ళి ఆగిపోయింది. లోర్నా క్రేన్ వైపు చూసింది. ఎమిల్ ఒక చేత్తో కడుపు పట్టుకుని, ముందుకి వంగిపోయి, రెండో చేత్తో మీట వదలకుండా, కింద మూగిన జనాన్ని చూసుకుంటూ కార్డుని అంగుళం అంగుళం కిందికి దించుతున్నాడు. అది నేలని తాకాకే పక్కకి ఒరిగాడు.

"చూశారా, ఎంత సుతారంగా దించాడో!" అన్నారు మేయర్ గారు మైకులో.

లోర్నా అప్పటికే పరిగెత్తుతోంది. నలుగురు కార్మికులు ఎమిల్‌ని వెనకగదిలోకి మోసుకెళ్ళారు. ఆగ్నెస్ అతని కడుపు మీద చెయ్యి పెట్టి, "అంబులెన్సు. ఇప్పుడే" అంది.

పిత్తాశయం పగిలే స్థితికి వచ్చిందనీ, ఇప్పుడిక కార్డు లేకపోయినా కొయ్యక తప్పదనీ డాక్టరు చెప్పాడు. బీమా కార్డు గురించి అంటున్నాడని అర్థం కావడానికి లోర్నాకి కొంతసేపు పట్టింది. అతన్ని లోపలికి తీసుకెళ్ళారు. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది, అతని బూట్లు ఒళ్ళో పెట్టుకుని.

ఫోన్ మోగింది.

"లోర్నా, ఎమిల్ ఎలా ఉన్నాడమ్మా?"

"ఆపరేషన్ జరుగుతోందండీ."

"దేవుడి దయ. సోమవారానికి లేచి తిరుగుతాడా?"

"ఎందుకండీ?"

"రికార్డులు కొలిచే ఆఫీసరు వచ్చి వెళ్ళాడు. మనది రికార్డు కాదట. ఇంకా పెంచి మళ్ళీ లేపాలి. పక్కన వెల్డన్‌లో టైర్ల ఫ్యాక్టరీకి తాళం వేశారు చూడు, అక్కడి మేయరు పోయినేడే పెట్టాడట. నలభై మూడు అడుగులు!"

లోర్నా ఫోన్‌ని ఇంకో చెవికి మార్చుకుంది.

"ఆ తాళం ఎప్పుడు తీశారండీ?"

"తియ్యడమేమిటమ్మా! వాళ్ళిప్పుడు యాభై అడుగులకి వెళ్తున్నారు!"