ఇరుసుకి కొంచెం లూజు

బ్యాండుమేస్టరు కోటుకి చేతులు అతకాలి, ఆ తర్వాత మామగారి బండి కిందికి దూరి ఇరుసు కొలవాలి. ఆ ఉదయం టైలరు పెట్టుకున్న పనులు ఈ రెండే. మొదటిది అతనికి మంచినీళ్ళ ప్రాయం. రెండోది పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యనిది.

మామగారు జీవితమంతా పికప్ ట్రక్కు నడిపిన మనిషి. మామూలు పికప్ కాదు, టన్నుల బరువు లాగేది, వెనక చెరో వైపు రెండేసి చక్రాలున్నది. భార్య పోయాక లారీల స్టాండు పక్కన ఒక గదిలో ఒంటరిగా ఉంటున్నారు. కంటి ఆపరేషనుకని కూతురింటికి ఆ బండిలోనే వచ్చారు. వేలెడు సందు మిగిల్చి గేటు దాటించారు గానీ, వాకిట్లో ఉన్న గుంట కనబడలేదు. వెనక ఇరుసు పగిలింది.

"కట్టు విప్పిన మర్నాడే వెళ్ళిపోతా. ఈలోగా బండి బాగుచేయించు టైలరూ" అన్నారు.

పెళ్ళయిన నాటి నుంచీ ఆయన అలాగే పిలుస్తున్నారు. అల్లుడూ అన్న మాట ఆయన నోట ఒక్కసారైనా రాలేదు. స్టీరింగు పట్టలేని వాడికి పిల్లనిచ్చానని ఆయనకి లోపల బాధేమోనని టైలరు అనుమానం.

నిజానికి ఆయన వెళ్ళిపోవడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. కంట్లో చుక్కలు వేసే దిక్కు కూడా లేని ఆ గదికి తండ్రిని పంపాలంటే కూతురికి మనసొప్పడం లేదు. అయినా "ఉండిపో నాన్నా" అని ఆవిడ అడగదు, "ఉంటానమ్మా" అని ఆయన అనరు. ఇద్దరిదీ ఒకే మొండితనం. మధ్యలో నలిగిపోతున్నది టైలరు. బండి బాగుచేయిస్తే ఆయన వెళ్ళిపోతారు. చేయించకపోతే, ఆయన నోరు తెరిచి అడిగిన మొట్టమొదటి పని చెయ్యలేనివాడు అవుతాడు. ఆలోచించి ఆలోచించి, ఇష్టం లేకపోయినా చేయించడానికే సిద్ధపడ్డాడు.

మెకానిక్ పాత సామాన్ల యార్డు నుంచి ఫోన్ చేశాడు. "చక్రాలు విప్పే ఉన్నాయి కదన్నా, చక్రాన్ని బోల్టులతో బిగించే బిళ్ళ కనబడుతుంది చూడు. ఈ బిళ్ళ ముఖం నుంచి ఆ బిళ్ళ ముఖం దాకా కొలువు. ఇరుసు వెడల్పంటే అదే. టైర్ల అంచులు కొలిచావంటే కొంప మునిగినట్టే!"

టైలరు ఫోన్ భార్యకిచ్చి బండి కిందికి దూరాడు. టేపు చాల్లేదు. సుద్దముక్కతో గీత పెట్టి, మిగతాది అక్కణ్ణించి కొలిచాడు. చెప్పినట్టే బిళ్ళ నుంచి బిళ్ళకి, వెంట్రుకవాసి తేడా లేకుండా డెబ్భైరెండు అంగుళాలు వచ్చింది.

కానీ ఏ కొలత తీసినా, మనిషికి ఊపిరాడాలి గదా అని చెరో వైపు అంగుళం లూజు కలిపి చెప్పడం అతనికి అలవాటు. "డెబ్భైనాలుగు!" అని కిందనుంచి అరిచాడు. ఇంట్లోనే పెట్టుకున్న కొట్లో గుడ్డ కత్తిరించేది భార్య. మొగుడు ఏ అంకె చెప్పినా చెరో వైపు అంగుళం కుట్టుకి వదలడం ఆవిడకి అలవాటు. "డెబ్భైఆరట" అని ఫోన్లో చెప్పింది.

మెకానిక్ సరిగ్గా ఆ కొలతదే వెతికి తెచ్చాడు. స్ప్రింగులు కూర్చునే దిమ్మెలు మాత్రం అనుకున్న చోట లేవు. టైలరన్న కొలత తప్పుతుందా అనుకుని, వాటినే జరిపి వెల్డు చేసి చక్రాలు బిగించాడు.

సాయంత్రం మామగారు, ఒక కంటికి కట్టుతో, కూతురి చెయ్యి పట్టుకుని బండి చుట్టూ తిరిగారు. బానెట్టు తడిమారు, తలుపు తడిమారు, వెనక మడ్‌గార్డు మీదుగా టైరు మీదికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కాసేపు అక్కడే ఉంది.

"ఎవరు కొలిచారు?"

"నేనే మామయ్యగారూ."

"ఊఁ. బాగుంది" అన్నారాయన.

కట్టు విప్పిన మర్నాడు సంచీ బండెక్కింది. మెకానిక్ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. కూతురు చుక్కల మందు సీసా చేతిలో పట్టుకుని, ఇవ్వకుండా గడపలోనే నిలబడింది. మామగారు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపారు.

"రానీ, రానీ..."

"చోటు సరిపోతుందా మామయ్యగారూ?"

"బోలెడుంది! నా బండి వెడల్పు నువ్వు చెప్తావా నాకు?"

ముందు చక్రాలు దాటాయి. వెనక టైర్లు కీచుమన్నాయి. బండి రెండు స్తంభాల మధ్యా బిగుసుకుని, సగం వీధిలో, సగం వాకిట్లో ఆగిపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు.

సరిగ్గా అప్పుడే బ్యాండుమేస్టరు కోటు కోసం వచ్చాడు. భారీ మనిషి. లోపలికి దారి లేదు. "బండి వెనక తొట్టిలోకెక్కండి సార్, అక్కడే వేసుకుని చూద్దురుగాని" అంటూ టైలరు వీధివైపు స్టూలు వేయించాడు. బంగారు గుండీల ఎర్రకోటు తొడుక్కుని బ్యాండుమేస్టరు బండి మీద నిటారుగా నిలబడేసరికి దారినపోయేవాళ్ళు ఆగారు. "ఊరేగింపు ఎటువైపండీ?" అని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన ఊరేగింపుకి సైకిలు అడ్డమని పక్కకి పెట్టాడు. జనాన్ని చూసి జనం చేరారు. దాంతో నీళ్ళ ట్యాంకరు ఆగిపోయింది. దాని డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగి, దిగొచ్చి గొలుసు కట్టి పికప్‌ని ఒక్క గుంజు గుంజాడు. బండి కదల్లేదు. కుడి స్తంభం మాత్రం నిలువునా పగిలింది. గేటు మీదున్న "ఇచ్చట కొలత తప్పదు" అన్న బోర్డు ఊడొచ్చి, వెల్లకిలా, బ్యాండుమేస్టరు కాళ్ళ దగ్గర పడింది.

మెకానిక్ తన ఇనప టేపు తీసి ఇరుసు కొలిచాడు. "నాలుగంగుళాలు ఎక్కువుందేంటన్నా?"

"రెండు నేనే కలిపా... లూజుకి."

"రెండు నేను" అంది భార్య నెమ్మదిగా. "కుట్టుకి."

"ఇరుసుకి కుట్టేంటి వదినా!"

టైలరుకి నేలలో కూరుకుపోయినంత పనయింది. అడిగిన ఒక్క పనీ ఇలా తగలడింది. మామగారి మొహం చూసే ధైర్యం లేక టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

మెకానిక్ వెనక చెరో వైపూ బయటి చక్రం విప్పాడు. బండిని అందరూ కలిసి వెనక్కి, వాకిట్లోకి తోశారు. "ఏం ఫరవాలేదు పెద్దాయనా" అన్నాడు మెకానిక్. "ఇలాగే గేటు దాటించి, అవతల చక్రాలు బిగించేస్తా. మధ్యాహ్నానికి మీ గదికి చేరిపోతారు."

"వద్దు" అన్నారు మామగారు. "ఇలా కాళ్ళు బారచాపుకున్న బండిలో స్టాండుకెళ్తే నలుగురూ నవ్వుతారు. సరైన ఇరుసు దొరికాకే కదులుతా. అమ్మాయ్, చుక్కలు వేసే వేళయింది కదూ?"

కూతురు బండిలోంచి సంచీ తీసుకుని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నంత వేగంగా లోపలికి పోయింది.

మెకానిక్ చక్రాలు మళ్ళీ బిగించి, అందరూ వెళ్ళాక, వెనక టైరు దగ్గర టైలరు కళ్ళు మూసుకుని మడ్‌గార్డు తడిమాడు. చెయ్యి రెండంగుళాలు బయటికి జారింది. పసిపిల్లాడి చేతికైనా తెలుస్తుంది.

"మామయ్యగారూ, మొన్న సాయంత్రమే మీకు తెలిసింది కదూ?"

"నాకు కళ్ళు సరిగా ఆనవు అల్లుడూ."

"చేత్తో చూశారుగా."

"చెయ్యీ ముసలిదైపోయింది" అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు. అది చుక్కల మందేనని ఇద్దరూ ఒప్పుకున్నారు.

వారం తిరక్కుండానే మెకానిక్ వచ్చి, యార్డులో కొత్త సరుకు దిగింది, ఈసారి కొలత నేనే తీసుకుంటానన్నాడు. మామగారు ఒప్పుకోలేదు.

"నా బండి కొలత నా అల్లుడే తియ్యాలి. వేరేవాళ్ళు చెయ్యి పెట్టడానికి వీల్లేదు."

టైలరు సుద్దముక్క తీసుకుని బండి కిందికి దూరాడు. ఈసారి చెరో వైపు రెండంగుళాలు లూజు వదిలాడు.