రెండు పర్యాయాల జానకిరామ్

ప్రజాస్వామ్యంలో కుర్చీ ఎవరి సొత్తూ కాదు. ఈ పరమసత్యాన్ని మనవాళ్లు ఎన్నో దేశాల్లో ఎన్నో విధాలుగా మరిచిపోయినా, ఐర్లాండులోని మెయ్‌నూత్ పట్టణ తెలుగు సమాఖ్య మాత్రం తన నియమావళి పద్నాలుగో నిబంధనలో స్పష్టంగా రాసుకుంది: అధ్యక్ష పదవిలో ఎవరూ, ఎట్టి పరిస్థితుల్లోనూ, రెండు పర్యాయాలకు మించి ఉండరాదు. పర్యాయమంటే రెండేళ్లు. "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్న మాట కింద గీత కూడా ఉంది.

ఆ గీత గీసింది జానకిరామే. అప్పట్లో శేషగిరిరావు అనే పెద్దమనిషి తొమ్మిదేళ్లుగా అధ్యక్షుడై పాతుకుపోయి ఉంటే, ఆయన్ను దించడానికి జానకిరామ్ ఆఫీసుకు వారం సెలవు పెట్టి మరీ ఆ నిబంధన రాశాడు. దించాడు. తానెక్కాడు. నాలుగేళ్లు ఇట్టే గడిచాయి. ఇప్పుడు అదే నిబంధన తన మెడకు చుట్టుకుంది.

పదవి పోతే ఏం పోతుందని మీరడగొచ్చు. జానకిరామ్‌కు చాలా పోతుంది. రోజూ పొద్దున్నే రైలెక్కి డబ్లిన్ వెళ్లి, ముప్పై నిండని మేనేజరు "జానా" అని పిలిస్తే పలికి, పన్నెండేళ్లుగా ఒకే సాఫ్ట్‌వేరును పరీక్షిస్తున్న మనిషి. ఏడాదిలో మూడు పండగలకు మాత్రమే ఆయన "గౌరవ అధ్యక్షులు శ్రీ జానకిరామ్ గారు". ఆ మూడు రోజుల కోసం మిగతా మూడు వందల అరవై రెండు రోజులు ఓర్చుకుంటాడు. దీన్ని పదవీ వ్యామోహం అనడం అన్యాయం. (వ్యామోహమే. కానీ అనడం అన్యాయం.)

అందుకని నిబంధనల అన్వయ ఉపసంఘం ఒకటి వేశాడు. అందులో ముగ్గురు సభ్యులు: జానకిరామ్, ఆయన మాట కాదనలేని రంగనాథ్, ఏ సమావేశానికీ రాని మహీధర్. తుఫాను రెడ్ అలర్టు వల్ల ఒక ఉగాది రద్దయింది కాబట్టి ఆ పర్యాయం అసలు జరగనట్టేనని మొదట తేల్చారు. ఆ మరుసటి వారమే అధ్యక్షుల వారు ఆ పర్యాయంలోనే శాలువా కప్పించుకున్న ఫొటో ఫేస్‌బుక్కులో బయటపడటంతో అది వీగిపోయింది. చివరికి, మధ్యలో ఒక పర్యాయం విరామమిస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందని ఏకగ్రీవంగా తీర్మానించారు. మరి ఆ రెండేళ్లూ కుర్చీకి కాపలా ఎవరు? మహిళా రిజర్వేషన్ వచ్చినప్పుడు మన ఊళ్లలో మాజీ సర్పంచులు కనిపెట్టిన పద్ధతి ఉండనే ఉంది.

"నాకెందుకండీ ఈ గోల?" అంది ఆయన భార్య చాముండేశ్వరి. ఊళ్లోనే మందుల షాపులో ఫార్మసిస్టు ఆవిడ.

"నువ్వు ఊరికే సంతకాలు పెట్టు చాలు. పనులన్నీ నేను చూసుకుంటాగా."

"ఆ పనులేంటో ఓ కాయితమ్మీద రాసివ్వండి మరి. రేపెవరన్నా అడిగితే చెప్పాలిగా."

జానకిరామ్ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. హాలు మాట్లాడేది గిరిజాకుమారి. వంటలు చూసేది నవదీప్. పిల్లలకు డ్యాన్సులు నేర్పేది కిరణ్మయి. అరగంట ఆలోచించి మూడు పనులు రాశాడు: జ్యోతి వెలిగించుట, ప్రసంగించుట, ఫొటోలో మధ్యన నిలబడుట.

కూతురు శ్రీజ తొంగి చూసింది. "డాడీ, యూ మేడ్ ద రూల్ యువర్‌సెల్ఫ్, లైక్," అనేసి బిస్కెట్ల డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. (ఇక్కడ పెరిగిన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. రాజ్యాంగ సూక్ష్మాలు అర్థం కావు.)

ఎన్నిక దీపావళి వేడుకలో, పిల్లల డ్యాన్సులకూ భోజనాలకూ నడుమ జరిగింది. ఆ ముహూర్తం జానకిరామ్ పెట్టిందే. బిర్యానీ మూత తీశాక అడిగితే ఏ తీర్మానానికైనా చేతులు లేస్తాయని ఆయన అనుభవం. రెండు వందల చేతులు లేచాయి. కొందరు రెండేసి ఎత్తారు. వాటినీ లెక్కలో వేశారు.

"అన్నా, ఇప్పుడు చెయ్యి లేపింది దేనికి?" అని అడిగాడు నవదీప్, గరిటె పట్టుకుని.

"మీ వదిన ప్రెసిడెంటైంది."

"మంచిగైంది. ఇగ వడ్డించాలె, జరుగు."

అధ్యక్షురాలైన చాముండేశ్వరి భర్త రాసిచ్చిన కాగితాన్ని శ్రద్ధగా చదివింది. జ్యోతి పిల్లల చేత వెలిగించింది. ఫొటోలో మధ్యన వంటవాళ్లను నిలబెట్టింది. ప్రసంగాలు ఎత్తేసింది. ఆరింటికి అన్న కార్యక్రమం ఆరింటికే మొదలై, అన్నం వేడిగా ఉండగానే చేతికొచ్చింది. తెలుగు సంఘాల చరిత్రలో ఇంతటి అరాచకం ఎవరూ ఎరగరు. శాశ్వత సలహాదారు హోదాలో జానకిరామ్ ఏడాదిలో నూట నలభై వాయిస్ మెసేజులు పంపాడు. పక్కగదిలోంచి అన్నింటికీ "గ్రాండ్" అని ఒకటే జవాబొచ్చింది. (ఐర్లాండులో "సరేలే" అనడానికి ఆ మాటే వాడతారు.)

ఆయనకు లోపల దిగులుగానే ఉంది. ప్రసంగం లేని వేడుకలకు వెళ్లడమే మానేశాడు. అయినా ధైర్యం చెప్పుకున్నాడు. నాలుగేళ్లు నెత్తిన పెట్టుకున్న జనం ఊరికే మరిచిపోతారా? గడువు తీరగానే వాళ్లే వచ్చి పిలుస్తారనుకున్నాడు.

రెండేళ్లు గడిచి మళ్లీ దీపావళి వచ్చింది. జానకిరామ్ పట్టు లాల్చీ వేసుకుని, ఆరు పేజీల పునరాగమన ప్రసంగం జేబులో పెట్టుకుని, హాలు గుమ్మం దగ్గరికి వచ్చాడు. అక్కడ బల్ల వేసుకుని శ్రావ్య అనే విద్యార్థిని బ్యాడ్జీలు రాస్తోంది.

"నమస్తే అంకుల్! ఫస్ట్ టైమా మీరు?"

ఆయన పెద్దమనసుతో నవ్వాడు. "నవదీప్ లేడా అమ్మా?"

"వంటలు చేసే అన్నా? టొరంటో పోయిండంట గదా. ఇక్కడ జాబ్ దొర్కక."

జానకిరామ్ లోపలికి చూశాడు. రెండు వందల మొహాలున్నాయి. తన మొహం చూసి లేచి నిలబడే మొహం ఒక్కటీ కనపడలేదు. ఆనాడు చేతులెత్తినవాళ్లలో చాలామంది చదువుకు ఒక ఏడాది, ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్లు వీసా మీద వచ్చినవాళ్లు. గడువు తీరి తలో దేశం పట్టారు. అద్దెలు భరించలేని సంసారులు దూరపు ఊళ్లకు మారిపోయారు. నాయకుడికి రెండు పర్యాయాలని ఆయన రాయకముందే, ఓటరుకు ఒకటే పర్యాయమని ప్రభుత్వం ముద్ర వేసేసింది. ఆ నిబంధనకు అన్వయ ఉపసంఘం లేదు.

ఆయన మొహం చూసి శ్రావ్యకు జాలేసింది. "టెన్షన్ వద్దంకుల్, స్పీచులేం ఉండవ్. మేడమ్‌కి ముందు ఒకాయన ఉండెనంట, గంట గంట మాట్లాడేటోడంట. బిర్యానీ మొత్తం సల్లారిపోతుండెనంట. సీనియర్లు ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతరు."

"ఎవరంట ఆయన?" అన్నాడు జానకిరామ్, గొంతు సవరించుకుని.

"పేరైతే ఎవ్వలికీ యాదికి లేదంకుల్." స్కెచ్ పెన్ను మూత తీసింది. "మీ పేరు చెప్పున్రి, రాస్త."

జానకిరామ్ జేబులోని ప్రసంగాన్ని ఇంకాస్త లోపలికి తోశాడు.

"చాముండేశ్వరి గారి భర్త. అంతే రాయమ్మా."