సైరన్ మోతలో క్షమాపణ

ఆ రోజు ఉదయం దుర్గారావు ప్లాను చాలా చిన్నది. కూర్మన్నపాలెంలో బండెక్కాలి, ఫిషింగ్ హార్బర్‌లో దిగాలి, బావ బోటుకి కొబ్బరికాయ కొట్టాలి, బావ చెవి దగ్గరికి వెళ్ళి మెల్లిగా "తప్పయిపోయింది బావా" అనాలి. అంతే. స్టీల్ ప్లాంటులో సెలవు పెట్టాడు, చొక్కా ఇస్త్రీ చేయించాడు, ఆ రెండు మాటలూ అద్దం ముందు నిలబడి అనుకుని చూసుకున్నాడు కూడా.

వేసవి వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళే రోజది. అక్క ఈశ్వరి అత్తవారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. నిషేధం తర్వాత మొదటి వేటకి బోటు ముందు కాయ కొట్టాల్సింది ఇంటి బావమరిదే. పోయినేడు దుర్గారావు వెళ్ళలేదు. బావ ఎల్లారావు పిలవలేదు. ఇద్దరికీ మాటల్లేవు.

ఎందుకు లేవో ఆ ఇద్దరికే తెలుసు. కొత్త బండి కొన్న వారంలో, జెట్టీ నుంచి నేరుగా వచ్చిన ఎల్లారావు ముచ్చటపడి దాని మీద కూర్చున్నాడు. పక్కన ప్లాంటు స్నేహితులున్నారు. వాళ్ళ ముందు దుర్గారావు, "దిగు బావా, సీటుకి నీసు కంపు అంటుకుంటాది" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఎల్లారావు దిగాడు, తలగుడ్డ విప్పి సీటు తుడిచాడు, వెళ్ళిపోయాడు. ఆ తుడవడం దుర్గారావుకి ఇప్పటికీ కళ్ళ ముందు తిరుగుతూనే ఉంటుంది. మొగుడిదే మొండితనమనుకున్న ఈశ్వరి మాత్రం ఏడాదిగా ఆయనతో పోట్లాడి పోట్లాడి, చివరికి ఈ యేడు "సరే, రమ్మను" అనిపించింది.

ఇంత బాధ ఉన్నా బండి మీద మోజు తగ్గిందా అంటే తగ్గలేదు. నిన్ననే వన్ టౌన్‌లో మెకానిక్ ఇద్రీస్ కొట్టుకి తీసుకెళ్ళి దానికి దొంగల అలారం పెట్టించాడు. తాళంచెవికి వేలాడే చిన్న రిమోటు. ఒక బటన్ నొక్కితే బండికి కాపలా, ఇంకోటి నొక్కితే కుయ్యోమని సైరన్. "వైర్ కోసినా అరుస్తుంది భాయ్, లోపల దాని బ్యాటరీ దానికుంది" అని ఇద్రీస్ గర్వంగా చెప్పాడు కూడా.

చొక్కా తొడుక్కుని బయటికొచ్చేసరికి తల్లి గంగాలమ్మ వరండాలో కూర్చుని, తాళంచెవిని రిమోటుతో సహా పసుపు నీళ్ళ చెంబులో ముంచి తీస్తోంది.

"అమ్మా, ఏటి సేత్తన్నావ్!"

"ఏటుంది, పసుపు నీళ్ళు సూపిత్తన్నాను. కొత్త వస్తువు ఊరికే గడప దాటుతాదేటి?"

"అది రిమోటే! కరెంటు సామాను!"

"మీ నాన్న బోటింజనుకి బిందెడు పోసేను నాను. అదేటైనా అలిగిందేటి?" అంటూ రెండు బటన్ల మీదా చెరో కుంకుమ బొట్టు పెట్టి కొడుకు చేతిలో పెట్టింది.

దుర్గారావు రిమోటుని జేబురుమాలుతో శ్రద్ధగా తుడిచాడు. తుడుస్తుండగానే బండి గావుకేక పెట్టింది. కుయ్యోం కుయ్యోమంటూ సైరన్, రెండు పక్కలా లైట్లు టపటపా. ఒక బటన్ నొక్కాడు. ఆగలేదు. రెండోది నొక్కాడు. ఆగలేదు. రెండూ కలిపి నొక్కాడు. వీధి వీధంతా బయటికొచ్చింది.

"పోన్లేరా, ఇంజను ఆడతంది గదా, ఎల్లిపోదాం. అల్లుడు ఎదురుసూత్తంటాడు" అని గంగాలమ్మ కొబ్బరికాయ సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కేసింది. వేరే దారి లేదు. బండి ఏడుస్తూనే బయల్దేరింది.

గాజువాక జంక్షన్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ అడ్డంగా చెయ్యి పెట్టాడు. చుట్టూ జనం మూగారు.

"ఎవర్దిరా ఈ బండి?"

"నాదేనండి!"

"నీదైతే మరి అదెందుకు దొంగ దొంగని అరుత్తంది?"

"రిమోటు ఉందండి, సూడండి" అని దుర్గారావు రుజువుగా బటన్ నొక్కాడు. ఏమీ మారలేదు. ఏ బటన్‌కీ ఆగని బండి నీదెలా అవుతుందని జనంలో ఒకాయన అడిగాడు. ఇంకొకాయన దుర్గారావు కాలర్ పట్టుకుందామా వద్దా అన్నట్టు చెయ్యి చాచి ఉంచాడు.

గంగాలమ్మకి ఒళ్ళు మండింది. "ఏం బాబూ, దొంగోడు కన్నతల్లిని ఎనకాల ఎక్కించుకుని, కొబ్బరికాయ అట్టుకుని ఎల్తాడేటి? అల్లుడి బోటుకి కాయ కొట్టడానికెల్తన్నాం. ఆలీసమైపోతే నువ్వొచ్చి కొడతావా?"

కానిస్టేబుల్ ఆమెని చూశాడు, సంచి చూశాడు, రెండు చెవులూ మూసుకున్నాడు. "ఎల్లండమ్మా తల్లీ, ముందిక్కణ్ణుంచి ఎల్లండి!"

పోర్టు రోడ్డు పొడుగునా లారీలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. ఇంత మర్యాద దుర్గారావుకి ఎప్పుడూ దొరకలేదు, ఎప్పుడూ అక్కర్లేదు కూడా.

వన్ టౌన్‌లో ఇద్రీస్ అప్పుడే కొట్టు తీస్తున్నాడు. దుర్గారావు తాళంచెవి లాగి జేబులో వేసుకుని, "భాయ్, నువ్వు సూత్తండు, హార్బర్‌కి ఫోన్ సేసొత్తాను" అని పక్క వీధిలో ఉన్న ఫోన్ బూత్‌కి పరిగెత్తాడు. జెట్టీ మీద టీ కొట్టుకి చేసి, వస్తున్నాం ఆగమని ఈశ్వరికి కబురు చెప్పమన్నాడు. తిరిగొస్తుంటే ఆశ్చర్యం, వీధిలో నిశ్శబ్దం. బండి బుద్ధిగా నిలబడి ఉంది.

"చూసినావా?" ఇద్రీస్ కాలరెగరేశాడు. "నేను చెయ్యి పెట్టగానే ఆగిపోయింది."

"నువ్వు దేవుడివి భాయ్!" అంటూ దుర్గారావు దగ్గరికొచ్చాడు. కుయ్యోం!

ఇద్రీస్ మొహం మాడిపోయింది. "అరె, నువ్వు దూరం జరుగు." జరిగాడు. వీధి మలుపు దాకా వెళ్ళాక ఆగింది. "ఇప్పుడు రా." వచ్చాడు. కుయ్యోం! "బండిలో ఏం లేదు భాయ్," ఇద్రీస్ తీర్పు చెప్పేశాడు, "అల్లా తోడు, దానికి నువ్వే నచ్చట్లేదు."

గంగాలమ్మ ముక్కున వేలేసుకుంది. "ఒరే, నిజం సెప్పు. ఎవర్నేటన్నావు నువ్వు? ఎవరి ఉసురో తగిలింది నీకు."

దుర్గారావు బండి సీటు వైపు చూశాడు. ఆ మాటకి జవాబు వాడి దగ్గరుంది.

"బండి ఇక్కడ పెట్టు. నిదానంగా విప్పి చూస్తాను. మీరు ఆటోలో పోండి, పక్కనే కదా హార్బర్" అన్నాడు ఇద్రీస్.

తెలివైనవాడైతే అక్కడ ఆటో ఎక్కేవాడు. దుర్గారావు మాత్రం ట్యాంకు మీద చెయ్యేసి, నట్లు బోల్టులు ఊడదీసిన తన బండిని ఊహించుకున్నాడు. "వద్దు భాయ్, బండి వదిలి నానెల్లను." ఆ తర్వాత చాలాకాలం, రాత్రిపూట నిద్ర పట్టనప్పుడల్లా, వాడు మనసులో ఆ ఆటో ఎక్కుతూనే ఉన్నాడు.

హార్బర్‌లోకి సైరన్ ముందు వెళ్ళింది, వాళ్ళు వెనక వెళ్ళారు. ఏ ఆఫీసర్ల జీపో వస్తోందనుకుని, కాగితాలు సరిగా లేని రెండు బోట్లు తాళ్ళు విప్పుకుని పరుగు తీశాయి. మిగతావాళ్ళు తుపానేమోనని ఆకాశం వైపు చూశారు. ఐసు మోసేవాళ్ళు, గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు అంతా జెట్టీ చివరికి చేరారు. అక్కడే బంతిపూల దండతో ఎల్లారావు బోటు, పక్కన కొత్త చీరలో ఈశ్వరి, బోటు నడిపే సరంగు జగ్గయ్య.

"బయల్దేరేముందు ఈ ఏడుపేటి ఎల్లారావా?" జగ్గయ్య చేతులు కట్టుకున్నాడు. "ఇది ఆగితేగానీ నాను సుక్కాని ముట్టను."

దుర్గారావు తాళంచెవి చొక్కా జేబులో పడేసుకుని, బండి అక్కడే వదిలి పరిగెత్తాడు. ఎల్లారావు ఎదురుగా నిలబడ్డాడు. ఏడాది తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే. మెల్లిగా చెవిలో చెప్పాలనుకున్న మాట, సైరన్‌లో మెల్లిగా చెప్తే ఎవరికి వినపడుతుంది?

"తప్పయిపోయింది బావా!"

"ఏటి?" ఎల్లారావు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"తప్పు! నాదే తప్పు!"

"ఇనబడ్డంలేదురా!"

దుర్గారావు గుండెల్నిండా గాలి పీల్చుకున్నాడు. బావ కాళ్ళ మీద పడుతూ, ఉన్న బలమంతా పెట్టి అరిచాడు. సరిగ్గా వంగినప్పుడే జేబులోంచి తాళంచెవి, రిమోటు జారి, జెట్టీ అంచుకి తగిలి, బుడుంగుమని నీళ్ళలో పడ్డాయి. పసుపు నీళ్ళకే బటన్ బిగుసుకుపోయి పొద్దుట్నుంచీ వాడి దగ్గర నుంచే సైరన్ మోగిస్తున్న ఆ వస్తువు మునగగానే బండి నోరు మూసింది. వాడి నోరు మాత్రం మూతపడలేదు.

"నా ఫ్రెండ్స్ ముందు నీది నీసు కంపని సీటు దిగమన్నాను బావా!"

ఐసు దంచే మిషను కూడా ఆ క్షణంలో ఆగినట్టే అనిపించింది.

"ఏటన్నాడే?" వెనక గంప పట్టుకున్నామె అడిగింది.

"నీసు కంపంట."

"ఎవరికే?"

"ఆళ్ళ బావకంట."

ఆ మాట జెట్టీ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళింది. అక్కడ నీసు వాసన లేని మనిషి ఒక్కరూ లేరు.

ఎల్లారావు వంగి బావమరిది భుజం పట్టి లేపాడు. ఆయన గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఏడాది బట్టి మీ అక్కకి కూడా సెప్పలేదురా నాను. నువ్వు సైరనెట్టి మరీ సెప్పేవు."

"బావా..."

"సర్లే. అయిపోయింది గదా. కాయ కొట్టు, సరంగు సూత్తన్నాడు."

దుర్గారావు కళ్ళు తుడుచుకుని తల్లి చేతిలో సంచి కోసం చెయ్యి చాచాడు. ఈశ్వరి చెయ్యి ముందే వెళ్ళింది. కాయ తీసుకుంది.

"ఏడాది తిట్టేన్రా ఈ మనిషిని. మూర్ఖుడివన్నాను. నా తమ్ముడంటే నీకు కుళ్ళన్నాను. నాను తిట్టినన్నాళ్ళూ నువ్వు సూత్తా ఊరుకున్నావు."

"కొట్టనియ్యే..." అన్నాడు ఎల్లారావు.

"నువ్వూరుకో మావా. అమ్మా, నీ కొడుకుని అడుగు, ఏ సేపల గంప మోసి సదివించేవో ఆడికి గుర్తుందో లేదో."

పొద్దుట్నుంచి ఎవరికీ ఒక్క మాట తక్కువ పడని గంగాలమ్మ తలొంచుకుని నిలబడింది. ఈశ్వరి కాయని జగ్గయ్య చేతిలో పెట్టింది. ఆయన ఒక్క దెబ్బకి కొట్టాడు. చక్కగా రెండు చెక్కలైంది. దుర్గారావు ఆ నీళ్ళు బోటు మీద కారడం చూస్తూ, ఖాళీ చేతులతో పక్కనే నిలబడ్డాడు.

బోటు కదిలింది. నీళ్ళ మీద కాస్త దూరం వెళ్ళాక ఎల్లారావు చేతులు నోటికడ్డం పెట్టుకుని కేకేశాడు. "తాళం లేకుండా బండెలాగ తీత్తావురా? తోసుకోకు, ఆటోలో ఎల్లు! మళ్ళీ వారం ఫోన్ సెయ్యి, నానుంటాను!"

దుర్గారావు చెయ్యి ఊపాడు. వెనక ఈశ్వరి తల్లిని ఆటో ఎక్కిస్తోంది. వాడి వైపు చూడలేదు.

ఆ తర్వాత దుర్గారావు ఫోన్ చేసినప్పుడల్లా బావే తీసి ఆప్యాయంగా క్షేమం అడుగుతున్నాడు. రాంగ్ నంబరని చెప్పి పెట్టెయ్యమని పక్కనుంచి అక్క గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.