పంజాగుట్ట విదేశాంగ విధానం

అమీర్‌పేట డివిజన్ అధ్యక్షులు హనుమాండ్లు గారు పార్టీ అంతర్జాతీయ వ్యవహారాల కన్వీనర్‌గా బాధ్యతలు స్వీకరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంతోషం నాదే, ప్రెస్‌నోటూ నాదే. మైత్రీవనం వెనక సందులో నాకు ఫ్లెక్సీలు, జిరాక్సుల షాపుంది. సారు ప్రకటనలన్నీ నేనే టైప్ చేస్తాను.

పదవి వచ్చిన రోజే ఆయన యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాలకు నలభై ఎనిమిది గంటల గడువిచ్చారు. దౌత్య మర్యాద కొద్దీ ఆ దేశాల పేర్లు రాయడం లేదు. గడువు దాటినా జవాబు రాలేదు. భయంతో నోట మాట పడిపోయిందని సారు నిర్ధారించారు. ఆ మేరకు రెండో ప్రెస్‌నోట్ కొట్టాను.

అప్పుడే మధురానగర్ యేసురాజు పాస్‌పోర్ట్ జిరాక్స్ కోసం వచ్చాడు. అతని భార్య లీలాకుమారి ఆ రెండు దేశాల్లో ఒకదాంట్లో నర్సు. ఆసుపత్రి పక్క వీధిలోనే బాంబులు పడుతున్నాయి. మనవాళ్లను తీసుకొచ్చే విమానంలో ఆమెకు సీటుందట. అక్కడ ఫోన్లు పనిచేయక, ఢిల్లీ కంట్రోల్ రూమ్ వాళ్లు ఇంటివాళ్లకే చేసి వివరాలు సరిచూసుకుంటున్నారు. మర్నాడు సాయంత్రం నాలుగుకూ ఐదుకూ మధ్య చేస్తారు. ఎత్తకపోతే సీటు తర్వాతి పేరుకు పోతుంది.

షాపులోనే కూర్చున్న సారు లేచి అతని భుజం తట్టారు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. రేపు నాలుగింటికి పంజాగుట్ట చౌరస్తకు రా. నేను మాట్లాడితే ఢిల్లీ ఇనాలె."

"నాలుగింటికి నేను ఫోన్ దగ్గర ఉండాలె గదన్నా."

"ఫోన్ సుత తీస్కరా."

యేసురాజు నా వైపు చూశాడు. సారు మాట కాదంటే రేపు ఏ సంతకానికి ఎన్నిసార్లు తిరగాలో ఇద్దరికీ తెలుసు. నేను జిరాక్స్ చేతికిచ్చాను.

మర్నాడు చౌరస్తాలో వందమంది పోగయ్యారు. వినతిపత్రం ఇద్దామంటే విదేశీ అధికారి ఒక్కరూ దొరకలేదు. పక్క బిల్డింగులో వీసా ఏజెంటు ఆఫీసు ముందు సెక్యూరిటీ గార్డు రాజనర్సయ్య నిలబడి ఉన్నాడు. యూనిఫాం ఉంది, భుజాల మీద చుక్కలూ ఉన్నాయి. సారు ఆయనకే రెండు చేతులా అందించారు. ఆయన సెల్యూట్ కొట్టి, మేడం వచ్చినంక ఇస్తనన్నాడు. విదేశీ ప్రతినిధి సానుకూలంగా స్పందించారని నేను మూడో ప్రెస్‌నోట్ రాసుకున్నాను.

నాలుగు కావస్తుండగా, సభను ఫేస్‌బుక్ లైవ్ పెడుతున్న సారు కుడిభుజం దుర్గేష్ ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. లైవ్ ఆగకూడదు కదా. ఐదు నిమిషాల్లో ఇస్తానని దుర్గేష్ యేసురాజు చేతిలోని ఫోన్ తీసుకున్నాడు. సారు యేసురాజును స్టేజీ ఎక్కించి, దండ వేసి, అతని చెయ్యి పట్టుకుని పైకెత్తారు. తన మాట లేకుండా ఢిల్లీలో ఒక్క ఫైలు కదలదని మైకులో చెబుతుండగా ఫోన్ మోగింది. లైవ్ ఆగిపోయింది. దుర్గేష్ కాల్ కట్ చేసి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. యేసురాజు రెండుసార్లు దిగబోయాడు, సారు చెయ్యి వదల్లేదు. ఫోన్ ఎత్తమని అతను మొత్తుకోవడం మైకు మోతలో ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది. నేను ఫ్లెక్సీ కర్ర పట్టుకుని ఉన్నాను.

ఐదుంపావుకు ఫోన్ అతని చేతికొచ్చింది. ఢిల్లీ నంబరు నుంచి ఏడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే, జాబితా మూసేశామని, తర్వాతి విమానం ఎప్పుడో తెలియదని ఒకావిడ మర్యాదగా చెప్పింది. యేసురాజు దండతోనే ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

సంగతి సారుకు చెప్పాను.

"ఏడుసార్లు చేసిన్రా?"

"అవును సార్."

"ఢిల్లీవోళ్లే?"

"వాళ్లే."

వెంటనే ఇరవై బై పది ఫ్లెక్సీ కొట్టమన్నారు. గంటలో ఏడుసార్లు ఢిల్లీ చేత ఫోన్ చేయించిన మహానాయకుడు అని ఉండాలి. పక్కన యేసురాజు ఫోటో, అదీ నవ్వుతున్నది పెట్టాలి.

అతని వాట్సాప్ డీపీలో ఒక్కటే దొరికింది. చర్చి ముందు లీలాకుమారితో దిగింది. ఆమెకు జాగా లేదన్నారు సారు. నాకు సిగ్గేసింది. అయినా కట్ చేశాను. యేసురాజు భుజం మీద ఆమె చెయ్యి మాత్రం మిగిలింది.

సారు స్క్రీన్ మీదికి వంగి చూశారు.

"గా చెయ్యి ఎవలది? పబ్లిక్ కన్ఫ్యూజ్ అయితరు. తీసెయ్."